శాంతి మిషన్‌లో ఫ్లైట్ ఫాలోయింగ్: ఇంటి దగ్గర ఎలా నేర్చుకోవాలి, షిఫ్టులో ఎలా చేయాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి ఫోన్ చేసే కుర్రాళ్లు దాదాపు ఒకే మాట అడుగుతారు. "అన్నా, యూఎన్‌లో విమానాల్ని చూసుకునే ఉద్యోగం అంటే ఏంటి? ఏం నేర్చుకోవాలి? ఎవరికి ఎంత కట్టాలి?" చివరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. ఎవరికీ ఒక్క రూపాయి కూడా కట్టకూడదు. మిగతాది వరసగా కింద రాస్తున్నాను.

ముందు పని ఏమిటో చూద్దాం. ఐక్యరాజ్యసమితి శాంతి మిషన్లు ఉన్న చాలా చోట్ల రోడ్లు వానాకాలంలో పనికిరావు. దక్షిణ సూడాన్‌లో జూబా నుంచి బెంటియూకో మలకాల్‌కో మనుషులు, మందులు వెళ్లాలంటే హెలికాప్టరో చిన్న విమానమో దిక్కు. ఏ విమానం ఎక్కడికి వెళ్లాలో మిషన్ ఎయిర్ ఆపరేషన్స్ సెంటర్ ముందురోజే షెడ్యూల్ వేస్తుంది. ఆ షెడ్యూల్లోని ప్రతి విమానం లేచినప్పటి నుంచి దిగి ఇంజిన్ ఆపేదాకా ఎక్కడుందో తెలుసుకుంటూ ఉండటమే ఫ్లైట్ ఫాలోయింగ్. గోపాల్‌పూర్ పక్క జాలరి పల్లెల్లో తెప్ప ఎప్పుడు వెళ్లింది, ఎందరు వెళ్లారు, ఎప్పటికి రావాలి అని ఒడ్డున ఉన్నవాళ్లు లెక్క పెట్టుకుంటారు చూడండి, అదే పని రేడియోతో, గడియారంతో, కాగితంతో.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ పని ఇది కాదు. ఎత్తు మార్చమని, దిగమని పైలట్‌కు చెప్పే అధికారం మీకు ఉండదు. రావాల్సిన కబురు రాకపోతే ఆ సంగతి అందరికంటే ముందు పట్టుకోవాల్సింది మాత్రం మీరే.

అదెంత ముఖ్యమో ఒక్క సంఘటన చాలు. 1961 సెప్టెంబర్ 17 రాత్రి సమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్ కాంగో నుంచి ఇప్పటి జాంబియాలోని ఎన్‌డోలాకు డీసీ-6 విమానంలో వెళ్లారు. అర్ధరాత్రి దాటాక విమానం ఎన్‌డోలా మీదికి వచ్చింది, ఆ తర్వాత మాట లేదు. ఆయన మనసు మార్చుకుని ఇంకెక్కడికో వెళ్లి ఉంటారని అక్కడి పెద్దలు అనుకున్నారు. ఎయిర్‌పోర్టుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో పడిన శకలాల దగ్గరికి అధికారికంగా మనుషులు చేరేసరికి మరునాడు మధ్యాహ్నం దాటింది. విమానంలో ఉన్న 16 మందిలో ఒకరు అప్పటికీ ప్రాణాలతో ఉన్నారు, కొద్ది రోజులకు ఆసుపత్రిలో పోయారు. విమానం ఎందుకు పడిందన్నది నేటికీ తేలలేదు. వెతకడం ఎందుకు ఆలస్యమైందో మాత్రం మనకు తెలుసు.

కావలసినవి

ఇంటి దగ్గర సాధనకు పెద్దగా ఏమీ అక్కర్లేదు.

- సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారాలు రెండు. ఒకటి మన టైముకు, ఒకటి యూటీసీకి (ప్రపంచమంతా ఒకటిగా వాడే టైము).
- గీతల రిజిస్టరు, నలుపు పెన్ను, ఎరుపు పెన్ను. పెన్సిల్ వద్దు.
- అక్షాంశ రేఖాంశాలు ఉన్న ఒడిశా మ్యాపు, స్కేలు, మామూలు క్యాలిక్యులేటర్.
- ఫోను, దానిలో విమానాల కదలిక చూపించే ఉచిత యాప్ ఒకటి.
- ఓపిక ఉన్న స్నేహితుడు ఒకడు. ఇది లేకపోతే మిగతావన్నీ దండగ.

హెచ్చరిక: ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని వీహెచ్‌ఎఫ్ వాకీటాకీలు కొనకండి. లైసెన్సు లేకుండా విమానాల ఫ్రీక్వెన్సీలో మాట్లాడటం నేరం. పైగా మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ వైపు రేడియో సెట్టుతో తిరిగితే ఏ ప్రశ్నలు ఎదురవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సాధనకు ఫోన్ కాల్ చాలు.

1. ముందు గడియారం మార్చుకోండి

విమానయానం అంతా యూటీసీలోనే నడుస్తుంది. మన టైములోంచి అయిదున్నర గంటలు తీసేస్తే యూటీసీ. ఉదయం 9:40 అంటే 0410. లెక్క తేలికే, తేదీ దగ్గరే జనం జారిపడతారు. తెల్లవారుజామున 3:00 అంటే యూటీసీలో ముందురోజు 2130. లాగ్ షీట్ మీద తేదీ తప్పు పడితే ఆ రోజు రికార్డు మొత్తం తారుమారు.

మిషన్‌లో ఇది ఇంకా చిక్కు. కాంగోలో రెండు టైములు ఉన్నాయి. కిన్షాసా యూటీసీకి ఒక గంట ముందు, గోమా రెండు గంటల ముందు. అక్కడి నుంచి ఉగాండాలోని ఎంటెబ్బె వెళ్తే యూటీసీకి మూడు గంటల ముందు. అంటే ఒకే విమానం ఒకే రోజు మూడు స్థానిక టైముల్లో దిగుతుంది. దక్షిణ సూడాన్ అయితే 2021 ఫిబ్రవరి 1న తన గడియారాన్నే గంట వెనక్కి జరుపుకుంది, పాత పట్టికలు పట్టుకుంటే గంట తేడా వస్తుంది.

ఎలా చేయాలి: ఒక వారం పాటు మీ ఇంటి పనులన్నీ యూటీసీలో రాయండి. పాలవాడు వచ్చిన టైము, కరెంటు పోయిన టైము, బస్సు ఎక్కిన టైము. నాలుగంకెలు, మధ్యలో చుక్క లేదు. వారం తర్వాత గడియారం చూడగానే తీసివేత చేయకుండా యూటీసీ నోటికి రావాలి. రాకపోతే ఇంకో వారం.

తరచూ జరిగే తప్పు: ఫోన్లో మాట్లాడుతూ స్థానిక టైము విని, దాన్నే లాగ్‌లో వేసేయడం. ఎవరు టైము చెప్పినా "యూటీసీయా, లోకలా?" అని అడగండి. ఎంత పెద్ద అధికారి అయినా సరే, అడగడంలో మొహమాటం వద్దు.

2. మాట శుభ్రం చేసుకోండి

రేడియోలో ఇంగ్లీషు అక్షరాలను పేర్లతో పలుకుతారు. ఆల్ఫా, బ్రావో, చార్లీ మొదలు జూలూ దాకా ఆ 26 పేర్లు కంఠతా రావాలి. బండి నంబర్లు చదువుతూ సాధన చేయండి. రోడ్డు మీద ఓడీ 07 బండి కనిపిస్తే "ఆస్కార్ డెల్టా జీరో సెవెన్".

అంకెల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అన్నప్పుడు రేడియో గరగరలో రెండూ ఒకలాగే వినిపిస్తాయి. అందుకే విడివిడిగా "వన్ ఫైఫ్", "ఫైఫ్ జీరో" అనాలి. అయిదు "ఫైఫ్", మూడు "ట్రీ", తొమ్మిది "నైనర్". సున్నాను "ఓ" అనకండి. ఇంకోటి, ఇంగ్లీషు మాట చివర అచ్చు చేర్చడం, వేగంగా మాట్లాడటం మనకు అలవాటు. అవతల వినేది ఉక్రెయిన్ పైలటో, బంగ్లాదేశ్ సైనికుడో, రువాండా ఆపరేటరో. వాళ్ల ఇంగ్లీషూ మన ఇంగ్లీషూ మధ్యదారిలో కలవాలి. నెమ్మదిగా, పొడిగా, అవసరమైన మాటే.

విన్నది తిరిగి చెప్పడం తప్పనిసరి. ఈటీఏ అంటే గమ్యం చేరతామని అంచనా వేసిన టైము. పైలట్ "ఈటీఏ 0514" అంటే మీరు "ఈటీఏ జీరో ఫైఫ్ వన్ ఫోర్" అని పలకాలి. "రోజర్" అని ఊరుకుంటే మీరు సరిగ్గా విన్నారో లేదో అతనికి తెలియదు.

ఎలా చెక్ చేసుకోవాలి: ఫోన్లో మీ మాట రికార్డు చేసి, తెలుగు రాని స్నేహితుడికి పంపండి. విన్నది కాగితం మీద రాయమనండి. ఒక్క అంకె తప్పినా మళ్లీ. మన ఊళ్లలో ఒడియా, సావర, కువి మాట్లాడే స్నేహితులకు కొదవ లేదు కదా, ఈ పరీక్షకు వాళ్లు సరిగ్గా సరిపోతారు.

3. దూరం, ఈటీఏ లెక్క

ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. రేఖాంశంలో నిమిషం మన దగ్గర కొంచెం తక్కువ. 19 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు 0.945తో గుణించాలి.

బరంపురం సుమారు 19°19′ ఉత్తరం, 84°47′ తూర్పు. జయపురం సుమారు 18°51′, 82°34′. అక్షాంశం తేడా 28 నిమిషాలు, అంటే 28 నాటికల్ మైళ్లు (ఇక మీద మైళ్లు అంటే ఇవే). రేఖాంశం తేడా 133 నిమిషాలు, 0.945తో గుణిస్తే దాదాపు 126. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 129 మైళ్లు, కిలోమీటర్లలో దాదాపు 239. మిషన్లలో ఎక్కువగా కనిపించే ఎంఐ-8 రకం హెలికాప్టర్ వేగం సుమారు 120 నాట్లు (గంటకు 120 నాటికల్ మైళ్లు) అనుకోండి. అంటే నిమిషానికి రెండు మైళ్లు. ప్రయాణం 64 నిమిషాలు. 0410కి లేస్తే ఈటీఏ 0514.

ఇప్పుడు ఎదురుగాలి 20 నాట్లు ఉందనుకోండి. నేల మీద వేగం 100కు పడిపోతుంది, 64 నిమిషాలు 77 అవుతాయి. పదమూడు నిమిషాల తేడా! పాత ఈటీఏ పట్టుకుని కూర్చుంటే లేని ప్రమాదం కనిపిస్తుంది. గాలి వెనక నుంచి ఉంటే ఇంకా చెడ్డది, ఉన్న ప్రమాదం ఆలస్యంగా కనిపిస్తుంది. ప్రతి పొజిషన్ కబురు తర్వాత మళ్లీ లెక్క వేయండి. మూడు నిమిషాలకు మించి తేడా వస్తే కొత్త ఈటీఏ రాసి, దిగే చోటికి ఫోన్ చేసి చెప్పండి.

అక్షాంశాలు రాసే తీరులో ప్రాణం తీసే తప్పు ఒకటి ఉంది. 19°19′ అని చెప్పినదాన్ని ఎవరో 19.19 డిగ్రీలుగా కంప్యూటర్‌లో కొడతారు. ఆ రెండూ ఒకటి కావు. 19.19 డిగ్రీలు అంటే 19°11.4′. ఏడున్నర మైళ్లు, దాదాపు 14 కిలోమీటర్లు తప్పిపోయింది. మోహన అడవుల్లో 14 కిలోమీటర్లు పక్కన వెతికితే ఏం దొరుకుతుంది? డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశం అనే పద్ధతిలో రాయడమే అలవాటు చేసుకోండి. వేరే పద్ధతిలో వస్తే మార్చి, మార్చినదాన్ని ఇంకొకరితో చూపించుకోండి.

4. లాగ్ షీట్ గీసుకోండి

గడులు ఇవి: కాల్ సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), విమానం రకం, బయల్దేరే చోటు, గమ్యం, లేవాల్సిన టైము, నిజంగా లేచిన టైము, ఈటీఏ, తర్వాతి కబురు రావాల్సిన టైము, వచ్చిన టైము, పొజిషన్, విమానంలో మనుషులు, ఇంధనం ఎన్ని గంటలకు సరిపడా ఉంది, దిగిన టైము, చెప్పినవారు.

ఇంధనం సంగతి ఫ్లైట్ ప్లాన్‌లో (లేచే ముందు ఇచ్చే ప్రయాణ వివరాల ఫారంలో) 19వ అంశంలో ఉంటుంది. మనుషుల సంఖ్య, ఎమర్జెన్సీ రేడియో, విమానం రంగు, పైలట్ పేరు కూడా అక్కడే ఉంటాయి. రోజూ ఎవరూ చూడని గడి అది, వెతకాల్సి వచ్చినప్పుడు అందరూ అడిగేది అదే. లేచిన టైముకు ఇంధనం గంటలు కలిపి, ఇంధనం అయిపోయే టైమును మొదటే ఎర్ర పెన్నుతో రాసేయండి. 0410కి లేచి మూడు గంటల ఇంధనం ఉంటే 0710. గాభరాలో ఉన్నప్పుడు ఈ కూడిక చేయాల్సిన అవసరం రాకూడదు.

మనుషుల లెక్కలో సిబ్బందిని మర్చిపోవడం పాత జబ్బు. ప్రయాణికులు 14, సిబ్బంది 4 అయితే 18. మధ్యలో ఆగిన చోట అయిదుగురు దిగి ఇద్దరు ఎక్కితే 15. ఆగిన ప్రతి చోటా కొత్త సంఖ్య అడగాలి, పాతది కొట్టేసి పక్కన కొత్తది రాయాలి. వైట్‌నర్ ముట్టుకోవద్దు. కొట్టేసిన అంకె కూడా చదవగలిగేలా ఉండాలి.

5. బస్సుతో సాధన చేయండి

మన జిల్లాల కోసం నేను చెప్పే పద్ధతి ఇది, ఖర్చు ఒక టికెట్టే. స్నేహితుణ్ని బరంపురంలో రాయగడ బస్సు ఎక్కించండి. దిగపహండి, తప్తపాణి, మోహన మీదుగా వెళ్లే దారి. ప్రతి అరగంటకు అతను ఫోన్ చేసి చెప్పాలి: కాల్ సైన్, ఉన్న చోటు, టైము, తర్వాతి చోటుకు ఈటీఏ, బస్సులో అతనితో ఉన్నవాళ్ల సంఖ్య. మీరు ఇంట్లో కూర్చుని లాగ్ రాస్తారు, మ్యాపు మీద గుర్తు పెడతారు.

దీనికి ఒక షరతు ఉంది. మీకు ముందుగా చెప్పకుండా అతను ఏదో ఒక కబురు ఎగ్గొట్టాలి. తప్తపాణి ఘాట్‌లో సిగ్నల్ దానంతట అదే పోవచ్చు కూడా, అది ఇంకా మంచిది. అప్పుడు మీరేం చేశారో ప్రతి నిమిషం రాయండి. మళ్లీ ఎప్పుడు ప్రయత్నించారు? వేరే నంబరుకు చేశారా? డ్రైవర్ నంబరు ముందే తీసుకున్నారా? మోహనలో తెలిసినవాళ్లకు చెప్పారా? చాలామంది మొదటిసారి పావుగంట దాకా "సిగ్నల్ లేదేమోలే" అని కూర్చుంటారు. ఆ పావుగంట అలవాటును పోగొట్టడానికే ఈ సాధన.

రాయగడ వాళ్లు విజయనగరం రైలుతో చేయొచ్చు, పార్వతీపురం, బొబ్బిలి మంచి చెక్ పాయింట్లు. కాకపోతే రైలు పట్టాలు తప్పి పక్క దారి పట్టదు కాబట్టి బస్సే నయం.

ఆ తర్వాత ఫోన్ యాప్‌లో విశాఖ, భువనేశ్వర్ మధ్య వెళ్లే విమానాలను పట్టుకుని ఈటీఏ లెక్క వేయండి. యాప్ చూపించే ఈటీఏను చివర్లో మాత్రమే చూడండి. తెర మీద గుర్తు కదులుతోంది కాబట్టి విమానం బాగుందని అనుకోవద్దు. చాలా తెరలు సిగ్నల్ పోయాక కూడా ఆఖరి చోటునే కాసేపు చూపిస్తాయి. గుర్తు పక్కన ఉన్న టైము చూడండి, గుర్తును కాదు.

6. షిఫ్టు మొదలుపెట్టడం

ముందు షిఫ్టువారు లేచి వెళ్లిపోయాక లాగ్ చదవడం మొదలుపెడితే పని చెడినట్టే. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, గాలిలో ఉన్న ప్రతి విమానం గురించి గట్టిగా చదువుకోవాలి. తర్వాతి కబురు ఎప్పుడు రావాలో వేలుపెట్టి చూపించాలి. మీరు సంతకం పెట్టేదాకా బాధ్యత వాళ్లది, పెట్టిన క్షణం నుంచి మీది. ఏ రేడియోలో శబ్దం సరిగ్గా లేదు, ఏ శాటిలైట్ ఫోన్ చార్జింగ్‌లో ఉంది అన్నవి కూడా అప్పుడే అడగాలి.

తర్వాత వాతావరణం. మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టు) చదవడం ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు, విశాఖ, భువనేశ్వర్ రిపోర్టులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. గాలి, కనిపించే దూరం, ఉరుము మేఘం ఉందా లేదా, ఈ మూడు మొదటి చూపులో పట్టుకోవాలి. 2011 ఏప్రిల్ 4న కిన్షాసాలో సమితి విమానం గాలివానలో దిగబోతూ కూలింది, 33 మందిలో ఒక్కరే బతికారు. దిగాలా వద్దా అన్నది పైలట్ నిర్ణయం. గమ్యంలో మబ్బు కమ్ముతోందన్న తాజా కబురు మీ దగ్గర ఉండీ అతనికి చేరకపోతే మాత్రం ఆ తప్పు మీదే.

దక్షిణ సూడాన్ లాంటి చోట ఇంకో కాగితం చూడాలి, దారిలోని సాయుధ బలగాలు విమానానికి హాని తలపెట్టబోమని ఇచ్చిన హామీ. 2012 డిసెంబర్ 21న జోంగ్లేలో సమితి ఎంఐ-8 హెలికాప్టర్‌ను ఆ దేశ సైన్యమే కాల్చి కూల్చింది, నలుగురు రష్యన్ సిబ్బంది చనిపోయారు. దారి, తేదీ, కాల్ సైన్ హామీలో ఉన్నట్టే షెడ్యూల్లోనూ ఉన్నాయో లేదో సరిపోల్చండి. చివరి నిమిషంలో దారి మారితే పాత హామీ పనికిరాదు, ఆ మాట పైవాళ్లకు చెప్పాల్సింది మీరే.

7. కబురు రాలేదు, ఇప్పుడేం చేయాలి?

పైన చెప్పిన లెక్కే తీసుకుందాం. 0410కి లేచింది, అరగంటకోసారి కబురు, మొదటిది 0440కి రావాలి. రాలేదు.

0440: పిలవండి. జవాబు లేదు. ఒక నిమిషం ఆగి మళ్లీ పిలవండి. పిలిచిన ప్రతిసారీ టైము రాయండి.

0443: రెండో ఫ్రీక్వెన్సీ. వీహెచ్‌ఎఫ్ కొండల వెనక అందదు, దూరానికి పనికొచ్చే హెచ్‌ఎఫ్ రేడియో అందొచ్చు. ఆ దగ్గర్లో మిషన్ విమానం ఇంకేదైనా ఉంటే దాని పైలట్‌ను పిలవమనండి. పైన ఉన్నవాడికి వినిపించేది మీకు వినిపించకపోవచ్చు.

0445: సూపర్‌వైజర్‌కు చెప్పండి. ఇక్కడే కొత్తవాళ్లు వెనకాడతారు. "ఇంకో పది నిమిషాలు చూద్దాం, అనవసరంగా గోల ఎందుకు" అనుకుంటారు. వద్దు, అయిదు నిమిషాలకే చెప్పండి. తప్పుడు గాభరా అయితే నష్టం ఒక ఫోన్ కాల్. మాట పడాల్సి వస్తే పడండి.

ఆ తర్వాత: శాటిలైట్ ఫోన్, ట్రాకర్‌లో ఆఖరి చోటు, దాని టైము. బయల్దేరిన చోటికి ఫోన్: వెనక్కి వచ్చిందా? గమ్యానికి ఫోన్: ముందే దిగిందా? మధ్యలో హెలికాప్టర్ దిగగల ప్రతి చోటికీ ఫోన్. దిగాక కబురు చెప్పడం మర్చిపోయిన పైలట్లు ఎక్కువే ఉంటారు, చాలాసార్లు కథ అక్కడితో తేలిపోతుంది. అయినా ప్రతిసారీ నిజమైన ప్రమాదం అనుకునే వెతకాలి.

0510: కబురు రావాల్సిన టైము దాటి 30 నిమిషాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం ఇది అనిశ్చితి దశ, రేడియోలో ఇన్‌సెర్ఫా అంటారు. ఈటీఏ దాటి 30 నిమిషాలైనా రాకపోతే కూడా ఇదే దశ. తర్వాతి ప్రయత్నాలూ ఫలించకపోతే అప్రమత్త దశ, అలెర్ఫా. దిగడానికి అనుమతి తీసుకున్న విమానం అనుకున్న టైముకు అయిదు నిమిషాలు దాటినా దిగకుండా, మాట కూడా లేకపోతే నేరుగా అలెర్ఫానే. విస్తృతంగా విచారించినా జాడ లేకపోయినా, ఇంధనం అయిపోయే టైము దాటినా ప్రమాద దశ, డెట్రెస్ఫా. ఎర్ర పెన్నుతో రాసిన 0710 ఇప్పుడు పనికొస్తుంది.

ఈ 30 నిమిషాలు గరిష్ఠం. మీ మిషన్ నిబంధనల్లో తక్కువ రాసి ఉంటే అదే పాటించాలి. దశ ప్రకటించేది మీరు కాకపోవచ్చు, డ్యూటీ ఆఫీసర్ కావచ్చు. ఆయన ముందు పెట్టాల్సిన కాగితం మాత్రం మీ చేతిలో సిద్ధంగా ఉండాలి: ఆఖరి చోటు, ఆఖరి టైము, దారి, మనుషులు, ఇంధనం, విమానం రంగు, ఇంతవరకు ఎవరెవరిని అడిగారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఇదంతా జరుగుతుండగా గాలిలో మిగతా విమానాలు కూడా ఉంటాయి, వాటిని వెంటనే పక్క ఆపరేటర్‌కు అప్పగించండి. రెండు, విమానంలో ఉన్నవాళ్ల పేర్లు ఎవరడిగినా చెప్పకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. ఇంట్లోవాళ్లకు కబురు చేరే దారి వేరే ఉంటుంది.

8. సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది

షిఫ్టు చివర లేచినవి ఎన్ని, దిగినవి ఎన్ని అని లెక్క చూడండి. తేడా ఉంటే కుర్చీ దిగొద్దు. "దిగింది" అని రాసిన ప్రతి గడి పక్కన ఆ మాట చెప్పినవారి పేరో హోదానో ఉండాలి. "దిగే ఉంటుంది" అన్నది రికార్డు కాదు.

ఇంకో మంచి పరీక్ష ఉంది. ఆ రోజు అక్కడ లేని మనిషికి మీ లాగ్ ఇచ్చి, "0452కి ఫలానా హెలికాప్టర్ ఎక్కడుంది, దానిలో ఎందరున్నారు?" అని అడగండి. మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా నిమిషంలో జవాబు చెప్పగలిగితే మీ లాగ్ బాగున్నట్టు. బస్సు సాధన లాగ్‌తో ఇంట్లో చెల్లెలితోనో అమ్మతోనో ఈ పరీక్ష చేయించండి, ఆడవాళ్లు ఊరికే వదలరు, అంకె సరిగ్గా కనిపించకపోతే మొహం మీదే చెప్తారు.

9. దరఖాస్తు

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటి. మిషన్‌లో స్థానిక సిబ్బంది ఉద్యోగాలు ఆ దేశం వాళ్లకే. భారతీయులు చూడాల్సినవి అంతర్జాతీయ ఉద్యోగాలు: ఫీల్డ్ సర్వీస్, ప్రొఫెషనల్, లేదా యూఎన్ వాలంటీర్. మొదటి రెండూ సమితి కెరీర్స్ సైట్‌లో, మూడోది యూఎన్ వాలంటీర్ల సొంత సైట్‌లో పడతాయి. వాలంటీర్ అంటే జీతం లేని సేవ అనుకుని వదిలేయకండి, నెలనెలా జీవన భత్యం ఉంటుంది. అనుభవం తక్కువ ఉన్నవారికి లోపలికి దారి తరచూ అదే. ఇదే పని ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే మానవతా విమాన సేవలోనూ ఉంది, దాన్నీ చూడండి.

డిగ్రీ కాగానే నేరుగా దొరుకుతుందనుకోవద్దు. విమానయాన ఆపరేషన్లలో అనుభవం అడుగుతారు. వాయుసేన, సైన్యం, నౌకాదళం ఆపరేషన్స్ గదుల్లో చేసి వచ్చినవారికి ఇది బలం. గంజాం, శ్రీకాకుళంలో అలాంటివారు చాలామందే ఉన్నారు, కానీ బయోడేటాలో "సిగ్నల్స్‌లో పనిచేశాను" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఎన్ని విమానాలు చూశారు, ఏ రేడియోలు వాడారు, కబురు రానప్పుడు ఏం చేశారు అన్నది రాయాలి. బయటివారికి ఎయిర్‌లైన్ ఆపరేషన్స్ కంట్రోల్, ఫ్లైట్ డిస్పాచ్, హెలికాప్టర్ కంపెనీలు, ఎయిర్‌పోర్టు గ్రౌండ్ హ్యాండ్లింగ్ మెట్లు. బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం ఉన్నవారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కంట్రోలర్ పరీక్షకూ రాయొచ్చు. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుఫానుల్లో కంట్రోల్ రూముల్లో పనిచేసినవాళ్లు ఆ అనుభవాన్ని కూడా రాయండి, అది ఇదే రకం పని.

ఫ్రెంచ్ నేర్చుకోండి. కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లలో రేడియోలో ఇంగ్లీషు నడిచినా, ఊరిలో, చిన్న ఎయిర్‌ఫీల్డులో ఫోనెత్తేవాడు ఫ్రెంచ్‌లోనే మాట్లాడతాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ నేర్చుకున్నవారికి నాలుగో భాష, అయిదో భాష కష్టం కాదు.

ఉద్యోగాలు తగ్గుతున్నాయన్నది కూడా తెలుసుకుని దిగండి. మాలి మిషన్ 2023 చివరికి మూతబడింది. లెబనాన్ మిషన్‌ను 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి తీర్మానించింది. అందుకే ఈ పని నేర్చుకునేటప్పుడు దేశంలో కూడా పనికొచ్చేలా నేర్చుకోండి.

ఇక మోసాలు. దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు, ఏ దశలోనూ సమితి డబ్బు తీసుకోదు. ఈ మాట ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ రాసి ఉంటుంది. వీసా డిపాజిట్ అనో, మెడికల్ ఫీజు అనో అడిగాడంటే వాడు దొంగే, లెటర్‌హెడ్ మీద నీలం గుర్తు ఎంత అందంగా ఉన్నా సరే. పాస్‌పోర్టు అసలు ఎవరి చేతికీ ఇవ్వకండి. భద్రత గురించి బీసేఫ్ అనే ఆన్‌లైన్ కోర్సు ఉంది, ఉచితం, ముందే చేసి సర్టిఫికెట్ పెట్టుకోవచ్చు. పిలుపు వచ్చాక యెల్లో ఫీవర్ టీకా గుర్తింపు పొందిన కేంద్రంలోనే వేయించుకోండి. వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి టికెట్ తేదీ దానికి తగ్గట్టు చూసుకోండి.

ఇంటర్వ్యూలో "మీరు ఒత్తిడిలో నిర్ణయం తీసుకున్న సందర్భం చెప్పండి" అని తరచూ అడుగుతారు. అప్పుడు బస్సు సాధన గురించి చెప్పడానికి సిగ్గుపడకండి. కబురు రాని నిమిషం నుంచి ఏ నిమిషానికి ఏం చేశారో వరసగా చెప్పండి. లాగ్ కాపీ అడిగితే చూపించేలా రిజిస్టరును భద్రంగా దాచుకోండి.